లోపలి చెవి దెబ్బతిన్నాక మెదడు బ్యాలెన్స్‌ను మళ్లీ ఎలా నేర్చుకుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా అమ్మ మంచం మీద నుంచి లేవబోయి ఎడమవైపు ఒరిగి పడిపోయింది. "ఇల్లంతా గిర్రున తిరుగుతోందిరా, నన్ను గట్టిగా పట్టుకో" అంది. ఆపకుండా వాంతులు. చుట్టాలు పైత్యం అన్నారు. తర్వాత బీపీ అన్నారు, ఆ తర్వాత మెడ నరాలు నొక్కుకున్నాయన్నారు. మెడకు కాలర్ పెట్టారు, తిరుగుడు మాత్రలు రాశారు, నెల రోజులు కదలకుండా పడుకోమన్నారు. ఐదు వారాల తర్వాత అసలు సంగతి తెలిసింది. ఎడమ చెవి నుంచి మెదడుకు వెళ్లే బ్యాలెన్స్ నరం వాచిపోయింది. దాన్ని వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అంటారు. ఆ ఐదు వారాలు మంచం మీద గడవకుండా ఉంటే ఆమె ఇంకా ముందే కోలుకునేది.

నేను ఫిజియోథెరపీ చేస్తాను. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. వాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

తల తిరగడానికి చెవితో సంబంధం ఏమిటి?

చెవి లోపల, వినికిడి భాగం పక్కనే, బ్యాలెన్స్ కోసం వేరే ఏర్పాటు ఉంది. ఒక్కో చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరుగుతోందో గొట్టాలు చెబుతాయి. తల ఎటు వంగి ఉంది, ముందుకు వెనక్కు ఎలా జరుగుతోంది అన్నది సంచులు చెబుతాయి. గొట్టాల్లోని ద్రవం కదిలినప్పుడు సన్నని రోమాలున్న కణాలు వంగి, ఆ కదలికను విద్యుత్ సంకేతంగా మారుస్తాయి.

ఈ సంకేతం వల్ల జరిగే పనుల్లో అన్నిటికంటే వేగమైనది కళ్లకు సంబంధించినది. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంగా ఎడమకు జరగాలి. అప్పుడే చూపు నిలుస్తుంది. ఇదంతా సెకనులో వందో వంతు కాలంలో మొదలైపోతుంది. మనం నడుస్తూ కూడా దుకాణం బోర్డు చదవగలుగుతున్నామంటే ఈ ఏర్పాటు వల్లే.

పాడైంది ఒక్క చెవే కదా? రెండోది బాగానే ఉంటే ఇంత తిరుగుడు ఎందుకు?

అందరికీ వచ్చే సందేహమే ఇది. మిగతా విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తల కదలకుండా ఉన్నప్పుడు కూడా బ్యాలెన్స్ నరాలు ఊరుకోవు. కోతుల్లో కొలిచి చూస్తే, విశ్రాంతిలో ఉన్న ఒక్కో నరపు తీగ సెకనుకు సుమారు 90 నుంచి 100 సంకేతాలు పంపుతూ ఉంటుంది. కుడి చెవి, ఎడమ చెవి సమానంగా పంపుతున్నంతసేపూ మెదడుకు "కదలిక లేదు" అని అర్థం. తల ఎడమకు తిప్పితే ఎడమ వైపు సంకేతాలు పెరుగుతాయి, కుడి వైపు తగ్గుతాయి. మెదడు చూసుకునేది ఈ తేడానే.

కావడి మోసేవాడిని గుర్తు చేసుకోండి. రెండు వైపులా కుండలు సమానంగా ఉంటే బద్ద నిటారుగా ఉంటుంది. ఎడమ కుండ ఒక్కసారిగా పగిలిపోతే బద్ద కుడికి వాలిపోతుంది. ఎడమ చెవి నరం మూగబోయినప్పుడు జరిగేది అదే. ఎడమ నుంచి ఏమీ రాదు, కుడి నుంచి ఎప్పటిలా వస్తూనే ఉంటుంది. మనిషి మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నా మెదడు మాత్రం "తల కుడివైపుకు గిరగిరా తిరుగుతోంది" అనుకుంటుంది. దాంతో కళ్లు ఎడమకు జారుతూ, మళ్లీ ఝటకాగా కుడికి వస్తూ ఉంటాయి. శరీరం ఎడమకు ఒరుగుతుంది. వాంతులు కూడా ఇందువల్లే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. నరం వెళ్లి చేరే చోటు మెదడు కాండంలో ఉంటుంది. అక్కడ కుడివైపు, ఎడమవైపు ఒక్కో నాడీకణాల గుంపు ఉంటుంది. వీటిని వెస్టిబ్యులర్ కేంద్రాలు అంటారు. మామూలుగా ఇవి ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటూ ఉంటాయి. ఎడమ కేంద్రానికి చెవి నుంచి బలం పోగానే కుడి కేంద్రానిది పైచేయి అవుతుంది. అసలే డీలాపడిన ఎడమ కేంద్రాన్ని అది ఇంకా అణచివేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు అంత భయంకరంగా ఉండేది ఇందుకే.

చెడిపోయిన నరం మళ్లీ బాగవుతుందా?

కొందరిలో పూర్తిగా, కొందరిలో కొంతవరకు అవుతుంది. కొందరిలో అసలు కాదు. చెవిలోని రోమ కణాలు చచ్చిపోతే పక్షుల్లో మళ్లీ పుడతాయి గానీ, మనలాంటి క్షీరదాల్లో అది నామమాత్రమే. మొదటి రోజుల్లో స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయించాలి. అందుకే త్వరగా చూపించుకోవడం మంచిది.

అయితే నరం ఎంత మేరకు బాగుపడింది అన్నదానికీ, మనిషి ఎంత మామూలుగా తిరుగుతున్నాడు అన్నదానికీ నేరుగా ముడి లేదు. పరీక్షల్లో ఒక చెవి పూర్తిగా మూగబోయి కనిపించినా పొలం పనులు చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు.

చెవి బాగుకాకపోతే తిరుగుడు ఎలా తగ్గుతుంది? మెదడు కణాలు చేసే పని ఏమిటి?

కావడి దగ్గరికే మళ్లీ వద్దాం. పగిలిన కుండ తిరిగి రాదు. కానీ మోసేవాడు బద్దను భుజం మీద కాస్త జరుపుకుని, కొత్త చోట నిలబెట్టుకోగలడు. మెదడు కూడా అలాగే చేస్తుంది. దీన్ని వెస్టిబ్యులర్ కాంపెన్సేషన్ అంటారు.

మొదటి పని కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. ఎడమ కేంద్రంలోని నాడీకణాలు చెవి నుంచి సంకేతం రాకపోయినా తమంతట తామే సంకేతాలు పుట్టించడం పెంచుకుంటాయి. కణపు పొరలో విద్యుదావేశమున్న రేణువులు (అయాన్లు) వెళ్లివచ్చే దారులు మారి, కణం సులువుగా ఉత్తేజపడే స్థితికి వస్తుంది. ఎలుక జాతి జంతువుల మెదడు పలుచని ముక్కల మీద చేసిన పరిశోధనల్లో ఈ మార్పు నేరుగా కనిపించింది.

రెండోది అణచివేతను తగ్గించుకోవడం. కుడి కేంద్రం అణచడానికి వాడే రసాయనాల్లో గాబా ముఖ్యమైనది. ఎడమ కణాలు దానికి అంతగా లొంగకుండా మారతాయి. ఎవరైనా పదే పదే అరుస్తుంటే వినడం మానేసినట్టు అనుకోండి. పిల్లులలో ఫ్రాన్స్‌లోని మార్సేలో జరిగిన పరిశోధనల్లో, బ్యాలెన్స్ నరం కోశాక ఈ కేంద్రాల్లో కొత్త కణాలు పుట్టడం కూడా చూశారు.

ఈ రెండిటివల్ల రెండు వైపులా విశ్రాంతి సంకేతాలు దాదాపు సమానమవుతాయి. కదలకుండా ఉన్నప్పుడు తిరుగుడు ఆగిపోతుంది, కళ్ల జారుడు తగ్గుతుంది. చాలామందిలో ఇది కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. తల కదిలించినప్పుడు వచ్చే తూలు మాత్రం దీనితో పోదు. అక్కడి నుంచి పని చిన్నమెదడుది, మన కాళ్లది, మెడది.

ఇది మెదడు చేసుకున్న సర్దుబాటేనని ఎలా తెలుసు?

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం 1883 నాటిది. రష్యా శాస్త్రవేత్త వ్లదీమిర్ బెఖ్తెరెవ్ జంతువుల్లో ఒక వైపు లోపలి చెవిని తీసేశాడు. అవి కొన్నాళ్లకు కోలుకున్నాయి. అప్పుడు రెండో వైపు కూడా తీసేశాడు. ఇప్పుడు రెండు వైపులా ఏమీ లేదు, రెండూ సమానం. మామూలు లెక్క ప్రకారం తిరుగుడు రాకూడదు. కానీ మొదటి చెవి ఇంకా బాగానే ఉన్నట్టు, అటువైపుకు ఝటకాలతో కళ్లు మళ్లీ కొట్టుకున్నాయి. చెవి లేని ఆ వైపు కేంద్రం తనంతట తానే సంకేతాలు పుట్టించుకుంటోందని దీనితో రుజువైంది.

మా డాక్టర్ మెడకు కాలర్ వేశారు. వాడాలా?

మెడ ఎముకకు దెబ్బ తగిలితే, లేదా మెడకు నిజంగా సమస్య ఉందని తేలితే డాక్టర్ మాట వినాల్సిందే. కానీ లోపలి చెవి సమస్యకు కాలర్ వాడటం మేలు చేయదు. దీని గురించి నేను గట్టిగానే మాట్లాడతాను. మా అమ్మకు జరిగిన నష్టం కళ్లారా చూశాను.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కాథ్లీన్ కలెన్ బృందం కోతుల్లో ఒక్కో నాడీకణం సంకేతాలను విడిగా వింటూ పరిశోధనలు చేసింది. ఆరోగ్యంగా ఉన్న కోతిలో, వెస్టిబ్యులర్ కేంద్రాల్లో చూపును నిలిపే కణాలు మెడ కండరాల నుంచి వచ్చే కబురును పట్టించుకోవు. ఒక చెవి పోయాక ఒక్క రోజు లోపలే అవే కణాలు మెడ నుంచి వచ్చే సమాచారానికి స్పందించడం మొదలుపెట్టాయి. ఆ దారి ముందే ఉంది, మూసి ఉందంతే. చెవి పోగానే తెరుచుకుంది.

అంటే చెవి చేసే పనిలో కొంత భాగాన్ని మెదడు మెడకు అప్పగిస్తోంది. సరిగ్గా అప్పుడే కాలర్ వేసి మెడను బిగిస్తే మెదడుకు అందాల్సిన కబురు అందదు.

కాలక్రమంలో ఇంకొకటి కూడా తోడవుతుంది. "తల తిప్పు" అని కండరాలకు మెదడు ఇచ్చే ఆదేశం నకలు కూడా ఈ కణాలకు చేరుతుంది. అందుకే కోలుకుంటున్నవాళ్లు తమంతట తాము తల తిప్పితే బాగానే ఉంటారు. ఆటో గోతిలో పడి ఎగిరితే మాత్రం తూలిపోతారు. రెండో దానికి ముందస్తు ఆదేశం లేదు మరి. "ఇంట్లో బాగుంటుంది సార్, ఆటో ఎక్కితేనే" అని చెప్పేవాళ్లకు వాళ్ల మాట నిజమేనని నేను ముందు చెబుతాను. చాలామంది ఇళ్లల్లో ఆ మాట నమ్మరు.

చిన్నమెదడు ఏం చేస్తుంది?

తప్పులు దిద్దుతుంది. తల తిరిగినప్పుడు కళ్లు సరిపడా జరగకపోతే, చూస్తున్న బొమ్మ కంటి వెనక తెర మీద జారుతుంది. ఆ జారుడే చిన్నమెదడుకు "ఇక్కడ తప్పు జరిగింది" అనే కబురు. అక్కడి పర్కింజీ కణాలు ప్రతి తప్పుకూ తమ లెక్కను కొంచెం సరిచేసుకుంటాయి.

మీకు ఇది ఎప్పుడో ఒకప్పుడు అనుభవమయ్యే ఉంటుంది. పవర్ మారిన కొత్త కళ్లజోడు పెట్టుకుంటే మొదటి రోజు నేల తేలిపోతున్నట్టు ఉంటుంది, రెండు మూడు రోజులకు సర్దుకుంటుంది. సర్దినది ఈ యంత్రాంగమే.

ఇక్కడ గమనించాల్సింది, తప్పు జరగకపోతే దిద్దడం ఉండదు. 1980లలో కోతులకు ఒక వైపు లోపలి చెవి తీసేసి, కొన్ని రోజులు చీకట్లో ఉంచి చూశారు. కదలకుండా ఉన్నప్పటి కళ్ల కొట్టుకోవడం చీకట్లోనూ తగ్గింది. కానీ తల కదిలినప్పుడు చూపును నిలిపే శక్తి వెలుతురులోకి తెచ్చాకే మెరుగుపడింది. మన ఇళ్లల్లో ఏం చేస్తాం? తలుపులేసి, కర్టెన్లు దించి, లైట్లు ఆర్పి, కళ్లు మూసుకుని పడుకోమంటాం. ప్రేమతోనే చేస్తాం. మొదటి రోజు అది తప్పదు కూడా. రెండో మూడో రోజు నుంచి కిటికీ తెరవండి.

తిరుగుడు మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి?

ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ లాంటివి మెదడు చురుకును కాస్త మందగింపజేసి తిరుగుడునూ వాంతులనూ తగ్గిస్తాయి. మొదటి రెండు మూడు రోజులు అవి వరమే. ఆ తర్వాత అదే మందగింపు సర్దుబాటును ఆలస్యం చేస్తుంది. నెలల తరబడి, కొందరు సంవత్సరాల తరబడి, మందుల షాపులో పాత చీటీ చూపించి కొనుక్కుంటూ ఉంటారు. వయసైనవాళ్లలో ఇవి చేతుల వణుకు, నడక బిగుసుకోవడం కూడా తెచ్చిపెట్టగలవు.

బీటాహిస్టిన్ వేరే రకం. అది పిల్లులలో కోలుకోవడాన్ని త్వరపరిచిందని పరిశోధనలు ఉన్నాయి. మనుషుల విషయంలో ఆధారాలు అంత గట్టిగా లేవు. తిరుగుడు, చెవుడు విడతలుగా వచ్చే మెనియర్స్ అనే లోపలి చెవి వ్యాధికి జర్మనీలో చేసి 2016లో ప్రచురించిన పెద్ద పరీక్షలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఏ మందైనా మీ అంతట మీరు ఆపేయకండి. "ఇది ఇంకా అవసరమా?" అని డాక్టర్‌ను అడగండి.

కదిలితేనే కళ్లు తిరుగుతున్నాయి. అలాంటప్పుడు వ్యాయామం ఎలా చేయాలి?

ఆ తిరుగుడే మెదడుకు పాఠం. అది కొంచెం రావాలి, భరించగలిగేంత రావాలి, వ్యాయామం ఆపాక కొద్దిసేపట్లో తగ్గిపోవాలి. గంట తర్వాత కూడా తగ్గకపోతే ఎక్కువ చేశారని అర్థం. మర్నాడు తగ్గించి చేయండి.

నేను ముందుగా నేర్పేది ఇది. గోడకున్న క్యాలెండర్‌లో ఒక తేదీ అంకెను ఎంచుకోండి. చేయి చాపినంత దూరంలో కూర్చోండి. చూపు అంకె మీద నుంచి కదలకుండా, తల "కాదు" అన్నట్టు అటూ ఇటూ తిప్పండి. అంకె మసకబారే వేగానికి కాస్త తక్కువలో ఉండండి. అర నిమిషం నుంచి ఒక నిమిషం చేసి ఆగండి. తర్వాత "అవును" అన్నట్టు పైకీ కిందకీ. రోజుకు కనీసం మూడుసార్లు చేస్తూ, మొత్తం 12 నిమిషాలకు తీసుకురండి. సమస్య పాతదైతే 20 నిమిషాలు. కూర్చుని సులువయ్యాక నిలబడి, తర్వాత పాదాలు దగ్గర పెట్టి, ఆ తర్వాత నడుస్తూ. నిలబడి చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.

ఈ పద్ధతి కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో కాథోర్న్ అనే చెవి సర్జన్, కుక్సీ అనే డాక్టర్ గాయపడిన సైనికుల కోసం తయారుచేసిన వ్యాయామాలే దీనికి పునాది. మంచం మీద పడుకోకుండా త్వరగా కదిలినవాళ్లే త్వరగా కోలుకుంటున్నారని వాళ్లు గమనించారు.

ఇంటి పనులు కూడా వ్యాయామాలే. బట్టలు ఆరేయడం, ముగ్గు వేయడం, కూరగాయల బుట్టలోంచి తీసి అరలో సర్దడం. తల, కళ్లు, నడుము కలిసి కదిలే పని ఏదైనా సరే. స్టవ్ దగ్గర నిలబడటం, స్టూలు ఎక్కడం మాత్రం ఇప్పుడే వద్దు.

ఎన్నాళ్లకు బాగవుతుంది?

గట్టి తిరుగుడు ఒకటి నుంచి మూడు రోజులు. నడక కుదురుకోవడానికి ఒకటి రెండు వారాలు. మిగతా తూలు పోవడానికి చాలామందికి ఆరు వారాల నుంచి మూడు నెలలు. వయసు, షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గడం, చూపు మందగించడం, మనసులో భయం, ఇవన్నీ ఆలస్యం చేస్తాయి.

ఒక లోటు మాత్రం కొందరిలో మిగిలిపోతుంది. దెబ్బతిన్న వైపుకు తలను చాలా వేగంగా తిప్పితే ఒక క్షణం చూపు చెదురుతుంది. దానికీ మెదడు ఒక ఉపాయం కనిపెడుతుంది. తల ఇంకా తిరుగుతుండగానే కళ్లను చిన్న గెంతుతో సరైన చోటికి చేర్చేస్తుంది. ఎదుటి మనిషికే కాదు, ఆ మనిషికి కూడా ఆ గెంతు తెలియదు.

పూర్తిగా తగ్గింది అనుకున్నాక మళ్లీ వచ్చింది. నరం మళ్లీ చెడిందా?

చాలాసార్లు కాదు. జ్వరం, నిద్రలేమి, ప్రయాణాల అలసట, టెన్షన్, మద్యం తాగడం, ఇలాంటివాటివల్ల మెదడు చేసుకున్న సర్దుబాటు తాత్కాలికంగా సడలుతుంది. పాత తూలు రెండు మూడు రోజులు కనిపిస్తుంది. వ్యాయామాలు మళ్లీ మొదలుపెడితే ముందుకంటే త్వరగా సర్దుకుంటుంది. గిర్రున తిరిగే గట్టి తిరుగుడు కొత్తగా వస్తే, లేదా వినికిడి తగ్గితే, తప్పకుండా చూపించుకోవాలి.

షాపింగ్ మాల్‌లో, జాతరలో, ఫోన్ స్క్రోల్ చేస్తుంటే తూలు ఎందుకు?

చెవి మీద నమ్మకం పోయిన మెదడు కళ్ల మీద అతిగా ఆధారపడుతుంది. చుట్టూ కదిలేవి ఎక్కువైతే, తానే కదులుతున్నానని పొరబడుతుంది. ఇలాంటివాళ్లే తలస్నానం చేస్తూ, కుంకుడు రసం పడకుండా కళ్లు మూసుకోగానే గోడ పట్టుకుంటారు. పీట మీద కూర్చుని స్నానం చేయండి. జనంలోకి వెళ్లడం మానకండి, కొద్ది కొద్దిగా పెంచండి. మూడు నెలలు దాటినా ఇది రోజూ వేధిస్తుంటే దానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది, అడగండి.

పక్కకు ఒత్తిగిలితే కొన్ని క్షణాలు గిర్రున తిరుగుతుంది. అది కూడా ఇదేనా?

అది వేరు. చెవి సంచిలోని సన్నని సున్నపు రేణువులు గొట్టంలోకి జారడం వల్ల వచ్చేది. తలను ఒక క్రమంలో తిప్పి వాటిని వెనక్కి పంపిస్తే ఒకటి రెండు సిట్టింగుల్లోనే చాలామందికి పోతుంది. ఎప్లీ పద్ధతి అంటారు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి?

తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చేయి కాలు పట్టు తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, హఠాత్తుగా చెవుడు, ఆసరా లేకుండా కూర్చోనూ లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది చిన్నమెదడు పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మొదటిసారి గట్టి తిరుగుడు వచ్చి గంటలు గడిచినా తగ్గకపోతే, ఈ లక్షణాలేవీ లేకపోయినా ఆగవద్దు.

రెండు చెవులూ దెబ్బతింటే?

ఇది కష్టమైన పరిస్థితి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు కొందరిలో రెండు వైపులా రోమ కణాలను చంపేస్తాయి. రెండూ సమానంగా పోతాయి కాబట్టి గిర్రున తిరగదు. నడుస్తుంటే లోకమంతా ఎగురుతున్నట్టు, చీకట్లో కాళ్ల కింద నేల లేనట్టు ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్ వల్ల ఇలా అయిన ఒక అమెరికా డాక్టర్ 1952లో తన అనుభవాన్ని రాశాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుస్తకంలో అక్షరాలు ఎగిరేవట. మంచం తల దగ్గరి ఇనుప ఊచల మధ్య తలను ఇరికించి పెట్టుకుని చదివేవాడు. నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్ల ముఖాలు పోల్చుకోలేకపోయేవాడు. ఆయన కూడా కళ్లతో, కండరాల కబురుతో చాలావరకు సర్దుకుని తిరిగాడు.

ఇలాంటివాళ్లు చెరువులో, కాలువలో ఒంటరిగా దిగకూడదు. నీళ్లలో మునిగితే పైకి ఏది, కిందకు ఏది అన్నది తెలియకపోవచ్చు. లోపలి చెవిలో అమర్చే బ్యాలెన్స్ ఇంప్లాంట్ల మీద పని జరుగుతోంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఎనిమిది మందికి అమర్చి, ఫలితాలను 2021లో ప్రచురించారు.

ఇంట్లోవాళ్లం మేం ఏం చేయాలి?

మొదట నమ్మండి. బయటికి ఏ దెబ్బా కనిపించదు, స్కానింగ్ మామూలుగా వస్తుంది, కాబట్టి "నటిస్తోంది" అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ మాట వల్ల కలిగే భయం, ఒంటరితనం కోలుకోవడాన్ని నిజంగానే వెనక్కి లాగుతాయి. రాత్రి బాత్రూమ్ దారిలో చిన్న లైటు పెట్టండి. చేయి పట్టుకుని నడిపించడం కంటే పక్కనే నడవండి. పట్టుకుంటే మీ చేయి మీద ఆధారపడతారు, పక్కన ఉంటే తమ కాళ్ల మీద ఆధారపడతారు.

మా అమ్మ కాలర్ తీసేశాక క్యాలెండర్ అంకెతో మొదలుపెట్టింది. మూడో వారం నుంచి సాయంత్రం గుడి దాకా నడవడం మొదలుపెట్టాం. మొదట్లో ఎవరైనా పలకరిస్తే ఆగి, గోడ పట్టుకుని, తర్వాత తల తిప్పేది. రెండు నెలలు దాటాక ఒక రోజు ఎడమవైపు నుంచి ఎవరో పిలిస్తే నడుస్తూనే తల తిప్పి, "ఏం వదినా, బాగున్నావా?" అంది.